నల్లదారం కత్తి

పొద్దన్నే ఐదున్నరకి మా మిద్దె మీద, నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి గడ్డం గీసుకుంటాను. మంగలకత్తితో. బ్లేడు మార్చే రకం కాదు, సాన పట్టి వాడుకునే అసలు కత్తి. ఎదురింటి మిద్దె మీద పూలకుండీలకి నీళ్లు పోసే పెద్దాయన దినామూ కాసేపు ఆగి చూస్తాడు. ఎప్పుడు తెగతాదా అని చూస్తాడో, భలే గీస్తా ఉండాడే అని చూస్తాడో నాకు తెలీదు. అడగను కూడా అడగను.

మా కరెంటాఫీసులో కొత్తగా చేరిన ఇంజనీరు ఒకాయన ఈ సంగతి యాడ విన్నాడో, మొన్న నా టేబులు కాడికొచ్చి, "సార్, మీరు స్ట్రెయిట్ రేజర్ వాడతారంట గదా! సూపర్ సార్!" అన్నాడు. ఫోన్లో ఒక వీడియో చూపించినాడు. అందులో ఒకాయన చెక్కపెట్టెలో నుంచి కత్తి తీస్తాడు, గిన్నె తీస్తాడు, బ్రష్షు తీస్తాడు, పూజసామాన్లు పేర్చినట్టు ఒక్కొక్కటే పేరుస్తాడు. ఇది గడ్డం గీసుకోవడం కాదంట, ధ్యానమంట. మగోడు తనతో తాను గడిపే సమయమంట. నాకు నవ్వొచ్చింది, ఒళ్లూ మండింది. మా తాతలు, ముత్తాతలు ఊళ్లో వాళ్ల అరుగుల కింద గొంతుక్కూర్చోని గీసి గీసి నడుములు పోగొట్టుకుంటే అది మంగలి పని. ఈయన ఏసీ గదిలో అద్దం ముందర గీసుకుంటే ధ్యానం! ఏమప్పా ఇది!

"మీ ఫాదర్ నేర్పించినారా సార్?" అని అడిగినాడు ఇంజనీరు.

"లేదు" అన్నాను. అది మాత్రం నిజం.

నా కత్తి పిడికి నల్లదారం చుట్టి ఉంటాది. ఆ దారం ఎందుకని ఆయన అడగలేదు. అడిగింటే ఏం చెప్పేవాణ్ణో నాకే తెలీదు. ఆయనకి చెప్పనిది ఇప్పుడు రాస్తా ఉండాను.

ముందు ఎట్ల గీసుకుంటానో చెప్తాను. వేన్నీళ్లలో గుడ్డ ముంచి, పిండి, మొహం మీద కప్పుకోని కాసేపు గమ్మునుంటాను. గిన్నెలో సబ్బు మీద బ్రష్షు తిప్పి నురగ లేపతాను. తోలుపట్టీని ట్యాంకు పైపుకి తగిలించి కత్తిని దాని మీద అటూ ఇటూ ఇరవైసార్లు తిప్పుతాను. కత్తి వీపు ముందు పోవాల, అంచు వెనక రావాల. మరిచిపోయి అంచు ముందు పెడితే తోలూ పాయె, కత్తీ పాయె. ఎడమచేత్తో చర్మాన్ని లాగి పట్టి, చెవి పక్కనుంచి దవడ దాకా ఒక్క ఊపున దించాల. మనసు యాడికన్నా పోయిందంటే కత్తి వెంటనే చెప్తాది. చివర్లో పటికరాయి రుద్దుకుంటాను. పటిక మండిందంటే ఆ దినం చెయ్యి బరువైందని అర్థం. నాకు చానా దినాలు మండతాది.

మా నాయన మంగలి. ఇప్పుడా మాట అనకూడదంటారు, వేరే పేరుండాది, గౌరవమైన పేరు. మంచిదే, ఇంకొకరు అనకూడదు. నా నోటితో నేను అనుకుంటా ఉండాను, నాకెవురడ్డం?

వడమాలపేట పక్కన ఒక పల్లె మాది. ఊళ్లో అన్ని ఇండ్లకీ మా నాయనే. పిల్లకాయలకి పుట్టెంట్రుకలు తీసేదానికి ఆయనే, పెండ్లికొడుకుని చేసేదానికి ఆయనే, చావింట్లో పీనుగుకి చివరి సవరం చేసేదానికీ ఆయనే. 'మంగలి పాత, చాకలి కొత్త' అంటారు గదా, మంగలి పాతబడేకొద్దీ మంచోడని. మా నాయన అట్ల పాతబడినాడు. ఊళ్లో ఎవరి దవడ మీద మచ్చ ఉండాది, ఎవరి మెడ మీద సుడి ఉండాది, అన్నీ ఆయన వేళ్లకి తెలుసు. ఆయన్ని మాత్రం ఎవరూ వాకిలి దాటి లోపలికి రమ్మన్నది నేను చూడలేదు.

కత్తులు, కత్తెర, సానరాయి, పటిక పెట్టుకునే తోలుసంచిని పొది అంటాము. మా ఇంట్లో ఆ పొది చూరుకి వేలాడతా ఉండేది. నాకు పదేండ్లప్పుడు ఒకసారి స్టూలెక్కి దాన్ని దించి, కత్తి తెరిచి, చెంప మీద సబ్బు పూసుకున్నాను. నాయన చూసినాడు. ఆయన నన్ను కొట్టింది జన్మలో ఆ ఒక్కసారే. దవడ అదిరిపోయింది.

"పలకా బలపం పట్టుకునే చెయ్యిరా ఇది. ఈ పొది ముట్టుకున్నావంటే ఇరగ్గొడతా. నా చేత్తోనే ఈ పని సచ్చిపోవాల" అన్నాడు.

అంతే, మళ్లా ముట్టుకోలే. మా వాళ్లల్లో పిల్లోడికి పొది ఇచ్చేముందు కూర్చోబెట్టి కొన్ని సంగతులు చెప్తారంట. కత్తి ఎట్ల పట్టుకోవాల, ఎట్ల ఇయ్యాల, యాడ వాడాల, యాడ వాడకూడదు. మా చిన్నాయన కొడుకులకి అవన్నీ తెలుసు. నాకు ఒక్కటీ చెప్పలేదు. చెప్పకపోవడమే నాకిచ్చే ఆస్తి అనుకున్నాడు మా నాయన. ఊళ్లో ఎవరన్నా "ఏమబ్బా, కొడుక్కి పని నేర్పించవా" అంటే, "వాడికి రాదు సామీ, వాడికి కత్తి పట్టేదే రాదు" అని గొప్పగా చెప్పుకునేవాడు. కొడుక్కి ఒక పని రాదని గర్వపడే తండ్రి ఇంకెవరన్నా ఉంటారా!

నేను చదివినాను, ఉద్యోగమొచ్చింది, తిరుపతిలో ఒక మిద్దెలో పైభాగం బాడిగకి తీసుకున్నాను. ఓనరు కింద ఉంటాడు. చేరిన దినమే, "మీరేమోళ్లు?" అని అడిగినాడు. తిరుపతిలో ఇల్లు బాడిగకి కావాలంటే ఈ ప్రశ్న దాటాల్సిందే. "సేద్యం సార్ మాది" అన్నాను. నోటికి అట్ల వచ్చేసింది. ఒకసారి వచ్చినాక ఇంగ వెనక్కి తీసుకునేదెట్ల? నా పెండ్లాం ఆ రాత్రి నన్ను అదోమాదిరి చూసింది.

మా అమ్మ పోయినాక నాయన్ని నాతో తెచ్చుకున్నాను. "పొది తేవద్దు నాయనా" అన్నాను. తెచ్చినాడు. పంచెలో చుట్టి, గుడ్డల సంచి అడుగున పెట్టుకోని తెచ్చినాడు. ఓనరు ఆయన్ని కూడా పలకరించి అడిగితే, "సేద్యమే సార్, రెండెకరాలు చెనిక్కాయలు ఏస్తాము" అన్నాడు. ఆయనకి ఒక సెంటు నేల లేదు. నా అబద్ధాన్ని ఆయన కూడా మోసినాడు. నాకు అప్పుడు సిగ్గనిపించలేదు, హమ్మయ్య అనిపించింది. రాయాలంటే చెయ్యి రావడం లేదు గానీ, అదే నిజం.

తెల్లారకముందే మిద్దె మీదకి పోయి, ఎవురూ చూడని ట్యాంకు చాటున కూర్చోని, అద్దం లేకుండా వేళ్లతో తడుముకుంటా గడ్డం గీసుకునేవాడు. ఒక్క దినం కూడా తప్పలేదు. జ్వరమొచ్చినా తప్పలేదు. "ముకాన గడ్డం ఉండే మంగలోడి ముందర ఎవుడు కూర్చుంటాడ్రా" అనేవాడు. ఆయన ముందర కూర్చునేవాళ్లు ఎవరూ లేరు ఇంగ. అయినా గీసుకునేవాడు. ఆయన్ని ఇంకొకరు గీసింది మాత్రం నేను ఎప్పుడూ చూడలే.

రెండో ఏడు పక్షవాతం కొట్టింది. కుడిచెయ్యి, కుడికాలు, నోరు, మూడూ ఒకేసారి పోయినాయి. తల అటూ ఇటూ ఆడించేది, ఎడమచెయ్యి, అంతే మిగిలింది. చదువు లేదు కాబట్టి రాసి చూపించేదానికీ లేదు. ఆస్పత్రిలో పదిదినాలకే తెల్లగడ్డం మొలిచింది. ఎడమచేత్తో దాన్ని తడుముకుంటా ఉండేవాడు. పొద్దుకీ అదే పని. తడుముకోని, నా కల్లా చూసి, మళ్లా తడుముకుంటాడు. నోరు లేని మనిషి ఏం అడగతా ఉండాడో అర్థం చేసుకునేదానికి పెద్ద తెలివి అక్కర్లేదు. గడ్డం గీయమని. చచ్చేలోపల మొహం శుభ్రంగా ఉండాలని. అంతకుమించి ఆయన ఏమీ కోరలే.

మా చిన్నాయన, అంటే నాయన తమ్ముడు, వడమాలపేటలో చిన్న సెలూను పెట్టుకోని ఉండాడు. బస్సెక్కితే గంట కూడా పట్టదు. ఆస్పత్రికి వచ్చి చూసినాడు. "అన్నకి గడ్డం మాసిపోయిందిరా, పొది తెచ్చుకోని రేపొచ్చి గీసిపోతా" అన్నాడు.

"వద్దులే చిన్నాయనా, ఈడ ఆస్పత్రోళ్లు ఒప్పుకోరు" అన్నాను.

నాయన్ని ఇంటికి తెచ్చినాక చిన్నాయన మళ్లా ఫోన్ చేసినాడు. "ఇన్ఫెక్షన్ వస్తాదని డాక్టర్ ఎవరినీ రావద్దన్నాడు" అన్నాను. డాక్టర్ అట్లాంటి మాటేదీ అనలే. చిన్నాయన వస్తే సంచి చంకన పెట్టుకోని వస్తాడు, కిందనే ఓనరుని "సామీ" అని పిలుస్తాడు, గొంతు పెద్దది, నాలుగిండ్లకి వినపడతాది. అదీ నా భయం. చిన్నాయనకి అర్థమైందనుకుంటా. "సరేలేప్పా, నీ ఇష్టం" అని పెట్టేసినాడు. మళ్లా చెయ్యలే.

నా పెండ్లాం ఊరుకోలే. "ఆయనొచ్చి గీసిపోతే మీ సొమ్మేం పోతాది? ఓనరు మనల్ని కొరుక్కోని తింటాడా?" అనింది.

"నీకు తెలీదు, గమ్మునుండు" అన్నాను. తెలీనిది ఎవరికో తర్వాత తెలిసింది.

మెయిన్ రోడ్డులో సెలూనాయన్ని పిలుచుకొచ్చినాను. నాయన వంకరపోయిన నోరు చూసి ఆయన జంకినాడు. "కదలతా ఉండాడు సార్, తెగితే నా మీదకొస్తాది" అని మిషను పెట్టి పైపైన ఆనించి పోయినాడు. నాయన చెంప తడుముకున్నాడు. గరుకుగా ఉండాది. గోడకల్లా తిరిగి పడుకున్నాడు.

ఆ దినం నాకు పట్టుదల వచ్చింది. ఏం, నేను మంగలోని కొడుకుని కాదా? నేనే నేర్చుకుంటా అనుకున్నాను. నాయన సంచి అడుగునుంచి పొది తీసినాను. నలభై అయిదేండ్ల మనిషిని, అయినా దాన్ని తెరిచేటప్పుడు దవడ జివ్వుమంది.

అందులో రెండు కత్తులుండాయి. ఒకటి అరిగి అరిగి వెదురాకంత సన్నమైపోయింది, పిడి కూడా మాసి పగిలి ఉండాది. రెండోది వెడల్పుగా, తళతళమంటా, నిన్న కొన్నట్టు ఉండాది. దాని పిడికి నల్లదారం వరసగా చుట్టి ఉన్నింది. పట్టు జారకుండా చుట్టినాడేమో అనుకున్నాను. ఎవడైనా ఏది తీసుకుంటాడు? బాగుండేదే తీసుకుంటాడు. నేనూ అదే తీసుకున్నాను. చదువుకున్నోణ్ణి గదా, అరిగిపోయింది పనికిరాదని నాకు నేనే తేల్చేసినాను.

మూడు వారాలు నా మొహం మీద నేర్చుకున్నాను. ఫోన్లో ఆ ధ్యానమాయన లాంటోళ్ల వీడియోలే చూసి! మంగలోని కొడుకు ఫోన్ చూసి మంగలిపని నేర్చుకున్నాడు, ఇంతకన్నా విడ్డూరం ఉంటాదా? మొదటివారం ఆఫీసుకి మొహం మీద కాగితం ముక్కలు అంటించుకోని పోయినాను. "ఏం సార్, ఇంట్లో పిల్లిని పెంచతా ఉండారా?" అని ఒకడు, "పిల్లి కాదు, పెండ్లాం" అని ఇంకొకడు. నవ్వుకున్నారు, నేనూ నవ్వినాను. మూడోవారానికి రక్తం రాకుండా గీసుకున్నాను. ఆ దినం అద్దంలో చూసుకుంటే నాయన దవడే కనిపించింది. సంతోషమేసింది. నిజంగా సంతోషమేసింది.

ఆదివారం పొద్దన్నే నాయన్ని దిండ్లకి ఆనించి కూర్చోబెట్టినాను. వేడిగుడ్డ మొహాన కప్పినాను. కళ్లు మూసుకున్నాడు. బ్రష్షుతో నురగ పెడితే ఆ వంకర పెదవి రవ్వంత కదిలింది, నవ్వినాడనుకుంటా. నా పెండ్లాం వాకిలి కాడ నిలబడి చూస్తా ఉండాది. తోలుపట్టీ మీద కత్తి తిప్పే చప్పుడికి ఆయన కళ్లు తెరిచినాడు. నా చేతిలో కత్తి చూసినాడు.

మొహం మారిపోయింది. "ఊ... ఊ..." అని గొంతులోంచి అరుపు. తల అటూ ఇటూ కొట్టుకున్నాడు. కత్తి దగ్గరికి తెస్తే ఎడమచేత్తో నా మణికట్టు పట్టేసుకున్నాడు. ఆ చేతికి అంత బలం యాడిదో!

"ఏం నాయనా, వేడిగా ఉండాయా నీళ్లు?" తల అడ్డంగా ఊపినాడు. "నొప్పా?" అడ్డంగా. "నా చెయ్యి మీద నమ్మకం లేదా?" దానికీ అడ్డంగానే ఊపినాడు. కళ్లు మాత్రం కత్తి మీదనే ఉండాయి.

నాకు ఒకటే తోచింది. కొడుకు కత్తి పట్టకూడదని పట్టిన పంతం ఈయన ఇంకా వదలలేదు అనుకున్నాను. కోపమొచ్చేసింది. మూడు వారాలు మొహం కోసుకున్నది గుర్తొచ్చింది.

"నువ్వు నేర్పకపోయినా నేర్చుకున్నా గదా, సంతోషపడరాదా? ఇంకా ఏం పంతం నీకు? చెయ్యి పడిపోయినా పంతం పడిపోలేదే!" అని అరిచినాను. కన్నతండ్రిని, నోరు లేనోణ్ణి.

"వద్దంటా ఉండాడు, ఇడిసిపెట్టండి" అని నా పెండ్లాం ముందుకొచ్చింది. "నువ్వు పో అవతలికి" అన్నాను. ఆయన ఎడమచేతిని నా మోకాలి కింద అదిమిపెట్టి గీసినాను. ఒక్క గాటు కూడా పడలేదు. అంత బాగా నా మొహం కూడా నేను గీసుకోలేదు ఎప్పుడూ. నురగ మీద నుంచి నీళ్లు కారతా ఉంటే గుడ్డతో తుడిచినాను, అవి కంటినీళ్లని తెలిసే తుడిచినాను.

ఆ తర్వాత దినామూ గీసినాను. మూడునాలుగు దినాలు పెనుగులాడినాడు. తర్వాత మానుకున్నాడు. నేను గిన్నె తీసుకోని రాగానే చేతులు రెండూ పక్కన పెట్టుకోని, కాళ్లు బారగా చాపి, కళ్లు మూసుకునేవాడు. "సూడు, దార్లోకి వచ్చినాడు మీ మామ" అన్నాను నా పెండ్లాంతో. ఆమె లోపలికి పోయింది.

ఒక దినం సాయంకాలం ఆఫీసునుంచి వచ్చేసరికి నాయన మంచం దిగి, దేక్కుంటా సంచి కాడికి పోయి, పొది తెరిచి కూర్చోని ఉండాడు. ఎడమచేతిలో ఆ అరిగిపోయిన కత్తి. ఎట్ల తెరిచినాడో, పండ్లతో తెరిచినాడో ఏమో, తెరిచి ఉండాది. అలుగు, అదే కత్తికి కోసే రేకు, ఆయన వేళ్లల్లో ఉండాది, బొటనవేలి కాడ రక్తం. నన్ను చూసి చెయ్యి నా కల్లా చాపినాడు.

"ఏందీ పని? గొంతు కోసుకుంటావా? మా మీదకి తెస్తావా?" అని ఒక్క ఉరుకున పోయి పెరుక్కున్నాను. పెరుక్కునేటప్పుడు ఆయన వేలు ఇంకొంచెం తెగింది. ఆ కత్తిని బీరువాలో పెట్టి తాళమేసి, తాళం జేబులో వేసుకున్నాను. ఆ దినం నాయన ఏడ్చిన ఏడుపు కిందింటికి వినపడింది. ఓనరు పైకి వచ్చి, "ఏమైంది?" అంటే, "ఏమీ లేదు సార్, ముసలితనం గదా" అన్నాను.

అది జరిగిన పదైదు దినాలకి పోయినాడు. పొద్దన్నే గడ్డం గీసి, గిన్నె కడిగి వచ్చేసరికి ఊపిరి లేదు. మొహం మాత్రం నున్నగా ఉండాది. అంత దుఃఖంలోనూ, కోరిక తీర్చి పంపించినాను గదా అని ఒక తృప్తి. ఆ తృప్తి మద్యాన్నం దాకా ఉన్నింది.

మద్యాన్నం చిన్నాయన వచ్చినాడు. ఇంగ దాచేదేముంది. కింద వాకిట్లో పడుకోబెట్టినాము, వీదిలో వాళ్లంతా వచ్చినారు. చిన్నాయన అన్న కాళ్ల మీద పడి ఏడ్చినాడు, లేచి కళ్లు తుడుచుకోని, "అన్న పొది తేరా. సచ్చిన మంగలోడికి వాడి పొదితోనే సెయ్యాల" అన్నాడు. అందరి ముందరా అన్నాడు. నేను ఓనరు మొహం చూసినాను. ఆయన మొహంలో ఏమీ లేదు. "అట్లనా, ముందే చెప్పింటే మా మనవడి పుట్టెంట్రుకలకి మీ నాయన్నే పిలిచింటిమి గదప్పా" అన్నాడు, అంతే. ఇన్నేండ్లు నేను ప్రాణం పెట్టి దాచింది ఆయనకి అంతమాత్రం సంగతి.

పొది తెచ్చి ఇచ్చినాను. చిన్నాయన చెయ్యి నేరుగా నల్లదారం కత్తి మీదకే పోయింది. తెరిచి చూసి ఆగిపోయినాడు. అలుగు సందులో సబ్బు తడి, తెల్లెంట్రుకలు.

"ఈ నడుమ మీ వీదిలో ఎవురు సచ్చినార్రా?" అని అడిగినాడు.

"ఎవరూ లేరు చిన్నాయనా. నాయనకి నేనే దినామూ గీస్తా ఉంటి."

"దీంతోనా?"

"ఔ."

ఆయన కత్తి కల్లా చూసినాడు, అన్న నున్నటి చెంప కల్లా చూసినాడు.

"ఇది పీనుగుల కత్తిరా" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. జన్మలో ఆయన గొంతు తగ్గించింది అప్పుడే విన్నాను. "సావింటికి ఒకటి, బతికినోళ్లకి ఒకటి. కలవకూడదని దారం సుడతాము. దీన్ని బతికుండే మనిసి మీద పెడితే, నువ్వు సచ్చినట్టే లెక్క అని వాడికి సెప్పినట్టు. మనిండ్లల్లో పిల్లోడికి మొట్టమొదట నేర్పేదే ఇది. అన్న నీకు సెప్పలేదా?"

"నాయన నాకు ఏమీ నేర్పలేదు చిన్నాయనా."

"అది సరే. గీసేటప్పుడన్నా సెప్పలేదా?"

"నోరు లేదు గదా."

"సెయ్యుండె గదరా ఒకటి."

ఆయన నల్లదారం కత్తిని నీళ్లల్లో ముంచి, అన్న రెండు చెంపల మీదా ఉత్తినే ఆనించి తీసేసినాడు. "ఇంగ నేను చేసేదేముంది, అయిపోయిండాది" అన్నాడు. తర్వాత పొదిలో వెతికి, "అరిగిన కత్తి యాడ? నలభై ఏండ్లు ఊరందరికీ గీసిన కత్తి అది, అన్న ప్రాణం దాంట్లోనే ఉండె" అన్నాడు. అరిగింది ఎందుకో, కొత్తగా ఉండేది ఎందుకు కొత్తగా ఉండాదో అప్పుడు తెలిసింది నాకు. చావులు ఎప్పుడో ఒకసారి గదా వచ్చేది.

పైకి పోయి బీరువా తాళం తీసి ఆ కత్తి తెచ్చినాను. అలుగు మీద నాయన రక్తం ఎండిపోయి ఉండాది. చిన్నాయనకి చాపినాను. ఆ దుఃఖంలో కూడా ఆయన తిట్టినాడు.

"కత్తి అట్ల ఇస్తార్రా? అలుగు నువ్వు పట్టుకోని, పిడి తీసుకునేవాడి కల్లా పెట్టియ్యాల. ఇంగ నువ్వు పని చెయ్యి అని ఇచ్చేది అట్ల. మా నాయన నాకు అట్లనే ఇచ్చినాడు, నా పిల్లోళ్లకి నేనట్లనే ఇచ్చినాను."

నేను ఆ వాకిట్లో, అందరి ముందరా, మెట్ల మీద కూలబడినాను. అందరూ తండ్రి పోయినాడని ఏడుస్తా ఉండాడనుకున్నారు.

ఇది జరిగి మూడేండ్లయింది. నాకు అట్లాంటి నమ్మకాలు లేవు. దారం చుడితే ఇనుము మారదు. మా నాయన పక్షవాతంతో పోయినాడు, కత్తితో పోలేదు. ఇదంతా నాకు తెలుసు. కానీ ఆయన నమ్మినాడు. ఊళ్లో పీనుగులు ఎట్ల పడుకోని ఉంటాయో ఆయనకి తెలుసు, చివరికి నా ముందర అట్లనే పడుకున్నాడు, చేతులు పక్కన పెట్టి, కాళ్లు చాపి. ఒక్క ఫోన్ చేసింటే చిన్నాయన గంటలో వచ్చేవాడు. ఒక్క గంట.

నల్లదారం కత్తిని స్వర్ణముఖి ఏట్లో పారేయమన్నాడు చిన్నాయన. పారెయ్యలే. దాంతోనే గీసుకుంటా ఉండాను. నా పెండ్లాం చూడలేక పొద్దన్నే మిద్దె మీదకి రావడం మానేసింది. అరిగిన కత్తి బీరువాలోనే ఉండాది. దాన్ని తీసి గీసుకుందామని ఎన్నోసార్లు అనుకున్నాను, చెయ్యి పోదు. బతికినోళ్ల కత్తి అది, నాకు ఇచ్చినప్పుడు నేను తీసుకోలేదు.

నన్ను పీక్కుతినేది ఒకటే. మొదట్లో ఆయన, పాపం వాడికి తెలీదు, నేను నేర్పలేదు గదా అని అనుకోనుంటాడు. అందుకే మంచం దిగి, దేక్కుంటా పోయి, జన్మంతా నాకు అందకుండా దాచిన కత్తిని తానే తీసి, అలుగు తన వేళ్లల్లో పెట్టుకోని, పిడి నా కల్లా చాపినాడు. నేను దాన్ని పెరుక్కోని బీరువాలో పెట్టి, మరుసటి దినం పొద్దన్నే నల్లదారం కత్తి పట్టుకోని ఆయన ముందర కూర్చున్నాను. అప్పుడింగ ఏమనుకోనుంటాడు మా నాయన?